డీఎల్‌సీ కొనేముందు మీ సేవ్ ఫైల్ తెరిచి చూడండి: అపోహలు, వాస్తవాలు

ఆఫర్ కనబడగానే డీఎల్‌సీ (అసలు గేమ్‌కు విడిగా డౌన్‌లోడ్ చేసుకునే అదనపు భాగం), ముఖ్యంగా ఎక్స్‌పాన్షన్ అనే పెద్ద రకం, కొనేసి, ఆర్నెల్లయినా దాని మొహం చూడనివాళ్లు బోలెడుమంది. చాలాసార్లు తప్పు సరుకుది కాదు. గేమ్‌లో తామెక్కడున్నారో చూసుకోకుండా కొనేస్తారు, అదీ సంగతి.

అపోహ: అసలు గేమ్‌లోంచి ముక్క కోసి విడిగా అమ్మడమే డీఎల్‌సీ.

వాస్తవం: అలా జరిగిన సందర్భాలు లేకపోలేదు. 2012లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్ డిస్క్‌లో 12 మంది ఫైటర్లను ముందే పెట్టి తాళం వేశారు, తర్వాత డబ్బు కట్టించుకుని తీశారు. ఆటగాళ్లకు కోపం రావడంలో తప్పేమీ లేదు. అలాగని రిలీజ్ రోజే వచ్చిన ప్రతి డీఎల్‌సీనీ అదే గాటన కట్టలేం. మాస్టర్ కాపీ కన్సోల్ కంపెనీల పరీక్షకూ డిస్కుల తయారీకీ రిలీజ్‌కు వారాల ముందే వెళ్లిపోతుంది. అప్పటికి ఆర్టిస్టుల పని, లెవెల్ డిజైనర్ల పని దాదాపు అయిపోయి, బగ్‌లు సరిచేసేవాళ్లకే చేతినిండా పని ఉంటుంది. ఖాళీ అయినవాళ్లను డీఎల్‌సీ మీద కూర్చోబెడతారు. అనుమానం వస్తే తేదీ పక్కనపెట్టి కథ చూడండి. డీఎల్‌సీ ఆడకపోతే బేస్ గేమ్ (అసలు గేమ్) ముగింపు అర్థం కావట్లేదంటే, అప్పుడు కోసినట్టే లెక్క.

అపోహ: గంటలు ఎక్కువుంటే గిట్టుబాటు ఎక్కువ.

వాస్తవం: ధరను గంటలతో భాగించడం తేలికే, కానీ ఆ గంటల్లో ఏముందో ఆ లెక్క చెప్పదు. ది విచర్ 3కి వచ్చిన హార్ట్స్ ఆఫ్ స్టోన్ సుమారు 10 గంటలు, బ్లడ్ అండ్ వైన్ సుమారు 20 గంటలని స్టూడియోనే చెప్పింది. రెండోది కొత్త ప్రాంతాన్నే తెచ్చింది. మొదటిది పాత మ్యాప్‌లోనే ఎక్కువ భాగం నడిచినా, కథ బిగువులో దానికే ఓటేసేవాళ్లు తక్కువేం కాదు. ఏ గేమ్‌కు ఎన్ని గంటలు పడుతుందో చెప్పే హౌలాంగ్‌టుబీట్ సైట్‌లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి: కథ ఒక్కటే ముగించడానికి పట్టే సమయం, అన్నీ పూర్తిచేయడానికి పట్టే సమయం. రెండోది మొదటిదానికి మూడు నాలుగు రెట్లుంటే, మిగతాదంతా మ్యాప్ మీద గుర్తులు ఏరుకునే పని కావచ్చు. అది ఇష్టమైనవాళ్లకు లాభమే, కథ కోసం వచ్చినవాళ్లకు కాదు.

అపోహ: కొని డౌన్‌లోడ్ చేస్తే వెంటనే ఆడుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. ఎల్డెన్ రింగ్‌కు 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీనే తీసుకోండి. అందులోకి వెళ్లాలంటే ముందు అసలు గేమ్‌లోని రాడాన్, మోగ్ అనే బాస్‌లు (పెద్ద శత్రువులు) ఇద్దర్నీ ఓడించాలి. మోగ్ ఉండే చోటుకు వెళ్లకుండానే అసలు గేమ్ ముగించేయొచ్చు కాబట్టి, గేమ్ పూర్తిచేసినవాళ్లకు కూడా దారి తెరుచుకుని ఉండకపోవచ్చు. మోగ్ పడ్డాక అక్కడున్న గూడులోంచి వేలాడే ఎండిన చేతిని తాకాలి. తాకకుండా న్యూ గేమ్ ప్లస్‌కు (అదే పాత్రతో గేమ్‌ను మళ్లీ మొదటినుంచీ ఆడటం) వెళ్లిపోయారో, ఇద్దరితో మళ్లీ మొదటినుంచీ కుస్తీ పట్టాల్సిందే.

లోపలికి వెళ్లాక ఇంకో చిక్కు. లెవెల్ 150 ఉన్నా రెండు దెబ్బలకే ఠా అంటున్నారంటే లోపం లెవెల్‌ది కాదు, డీఎల్‌సీ మ్యాప్‌లో దొరికే స్కాడూట్రీ ఫ్రాగ్మెంట్లు అనే ముక్కలు ఏరుకోకపోవడం. మొత్తం 50 ఉంటాయి, వాటితో బలాన్నిచ్చే ఆశీస్సుల స్థాయిని 20 దాకా పెంచుకోవచ్చు. ఆ బలం డీఎల్‌సీ ప్రాంతంలోనే పనిచేస్తుంది. బాస్ దగ్గర ఇరుక్కుంటే తలుపు వదిలేసి మ్యాప్ తిరగండి.

అన్ని గేమ్‌లూ ఇంత మొండివి కావు. సైబర్‌పంక్ 2077 ఎక్స్‌పాన్షన్ ఫాంటమ్ లిబర్టీకి అసలు గేమ్ కథలో కొంతదూరం రావాల్సిందే అయినా, కొత్త గేమ్ మొదలుపెట్టేటప్పుడు నేరుగా అక్కడికే దూకే ఆప్షన్ ఇచ్చారు.

అపోహ: గేమ్ బాగుపడిందంటే డీఎల్‌సీ కొనాల్సిందే.

వాస్తవం: ఫాంటమ్ లిబర్టీ వచ్చింది 2023 సెప్టెంబర్ 26న. స్కిల్ ట్రీని (పాత్ర నైపుణ్యాలు పెంచుకునే పట్టిక), పోలీసుల తీరును మార్చేసిన సైబర్‌పంక్ 2.0 అప్‌డేట్ సెప్టెంబర్ 21నే ఉచితంగా వచ్చింది. డబ్బు పెడితే వచ్చేవి డాగ్‌టౌన్ అనే కొత్త ప్రాంతం, దాని కథ, రెలిక్ స్కిల్స్ అనే కొత్త నైపుణ్యాలు వంటివి. ముందు ప్యాచ్ నోట్స్ (అప్‌డేట్‌లో ఏం మారిందో చెప్పే జాబితా) చదవండి, మీకు కావలసింది అందులోనే ఉండొచ్చు.

అపోహ: సీజన్ పాస్ (రాబోయే డీఎల్‌సీలన్నిటికీ కలిపి ముందే కట్టే డబ్బు) ఎప్పుడూ చౌకే.

వాస్తవం: ఆబ్లివియన్ అనే గేమ్‌కు 2006లో గుర్రానికి తొడిగే కవచాన్నే డీఎల్‌సీగా అమ్మారు, మరుసటి ఏడాది షివరింగ్ ఐల్స్ అనే పెద్ద ఎక్స్‌పాన్షన్ వచ్చింది. స్టోర్ పేజీలో "5 డీఎల్‌సీలు" అని ఉంటే వాటిలో ఎన్ని ఐల్స్, ఎన్ని కవచాలో లెక్కపెట్టండి. ఇంకా పేర్లే ప్రకటించని పాస్ జోలికి పోకపోవడమే మేలు. కంప్లీట్ ఎడిషన్ (గేమ్, డీఎల్‌సీలు కలిపి అమ్మేది) దగ్గర మరో మెలిక: పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్‌లో బండిల్ అయితే మీ దగ్గర ఇప్పటికే ఉన్న గేమ్ ధర తగ్గిస్తుంది, ప్యాకేజీ అయితే మొత్తం ధరా కట్టాల్సి రావచ్చు.

అపోహ: కొన్నది ఎప్పటికీ మనదే.

వాస్తవం: ఆన్‌లైన్ గేమ్‌లకు ఇది చెల్లదు. డెస్టినీ 2 నుంచి 2020 నవంబర్‌లో కర్స్ ఆఫ్ ఒసైరిస్, వార్‌మైండ్ ఎక్స్‌పాన్షన్లను తీసేశారు. రెండూ డబ్బుకు అమ్మినవే.

అపోహ: ఏ స్టోర్‌లో కొన్నా ఒకటే.

వాస్తవం: ప్లేస్టేషన్‌లో డిస్క్ ఒక రీజియన్‌ది, డీఎల్‌సీ ఇంకో రీజియన్ అకౌంట్‌లో కొన్నది అయితే అవి కలవకపోవచ్చు. డిస్క్ పెట్టె మీది కోడ్ చూసుకోండి.

అపోహ: నచ్చకపోతే రిఫండ్ ఉందిగా.

వాస్తవం: స్టీమ్‌లో డీఎల్‌సీకి గడువు 14 రోజులు, అదీ కొన్నాక బేస్ గేమ్ 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటేనే. లెక్కలోకి వచ్చేది బేస్ గేమ్ ఆట సమయం. స్టీమ్ బయట కొన్న కోడ్‌లకు (గేమ్ కీ) ఇదీ వర్తించదు. కొనేశాక మోగ్ దాకా చేరడానికి ఇంకో పది గంటలు ఆడితే, డీఎల్‌సీలో అడుగైనా పెట్టకముందే రిఫండ్ చేజారిపోతుంది. ముందు మోగ్‌ను పడగొట్టండి, ఆ ఎండిన చేతి ముందు ఆగండి, స్టోర్ అప్పుడు తెరవండి.