వర్ధంతుల వెనక చరిత్ర: బెజవాడ, గుంటూరు ఎవరిని ఎలా తలుచుకుంటాయి

బెజవాడలో డిసెంబరు నివాళుల నెల. 4న ఘంటసాల జయంతి, 6న అంబేడ్కర్ వర్ధంతి, 7న సాయుధ దళాల పతాక దినోత్సవం, 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ దినం, 26న వంగవీటి మోహన రంగా వర్ధంతి. ఒక్కొక్కరికీ ఊరు పెట్టే దండం ఒక్కో తీరుగా ఉంటుంది. రంగా వర్ధంతి నాడు సెంటర్లలో విగ్రహాలకు పెద్ద పెద్ద దండలు పడతాయి, ఫ్లెక్సీలు లేస్తాయి, అన్నదానాలు జరుగుతాయి. ఘంటసాల కోసం ఆయన పేరున్న దుర్గాపురం సంగీత కళాశాలలోనో, ఏదో ఒక హాల్లోనో పాటలు పాడతారు. 7వ తేదీన ఆఫీసుల్లో చొక్కా జేబుకు చిన్న కాగితం జెండా గుచ్చి, విరాళం డబ్బా ముందుకు జరుపుతారు. సాయంత్రానికి ఆ జెండా ఎక్కడ పడిందో ఎవరూ చూడరు.

నాయకుడికి ఇంత, సైనికుడికి ఇంత, పాటగాడికి ఇంత అని ఈ వాటాలు ఎవరు వేశారు? ఇది నిన్న మొన్నటి ఫ్లెక్సీల సంస్కృతి మాత్రమే అనుకుంటే పొరపాటు. దీని వేళ్లు వెతకాలంటే ముందు పల్నాడు వెళ్లాలి.

12వ శతాబ్దం చివర, 1180 ప్రాంతంలో, కారంపూడి దగ్గర నాగులేరు ఒడ్డున పల్నాటి యుద్ధం జరిగింది. మాచర్ల, గురజాల రాజ్యాలు రెండూ దాంతోనే చితికిపోయాయి. అక్కడ పడిపోయిన వీరుల కోసం ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరు. తరతరాలుగా ఇళ్లలో కాపాడుకుంటూ వచ్చిన వీరుల ఆయుధాలను ఆచారవంతులు మోసుకొస్తారు. వాటిని కొణతాలంటారు. ఒక్కో కొణతం ఒక్కో వీరుడి కింద లెక్క. దాన్ని కడుగుతారు, పసుపు రాస్తారు, మనిషి ఎదురుగా ఉన్నట్టే మొక్కుతారు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడును గుర్తు చేసుకుంటూ కులం చూడకుండా కలిసి భోంచేస్తారు.

ఈ ఉత్సవానికి ప్రాణం గుడి కాదు, కథ పాడే వీరవిద్యావంతులు. యుద్ధంలో పోరాడిన మాల కన్నమదాసు పేరు, చిన్న వయసులోనే పడిపోయిన బాలచంద్రుడి పేరు ఈ రోజు మన నోట్లో ఉన్నాయంటే అది వాళ్ల గొంతు పుణ్యమే. శ్రీనాథుడి పేరుతో ఉన్న ద్విపద కావ్యం కూడా ఆ కథనే పట్టుకుంది. యోధుడు చచ్చిపోయాడు, పాటగాడు బతికించాడు. రాజుల సంగతి చెప్పాలంటే, గురజాల ఏలిన నలగామరాజు పేరు మనకు తెలిసింది కూడా ఈ వీరుల కథలో ఉన్నందుకే. అప్పట్లో పాలకుడు, సైనికుడు, గాయకుడు ఒకే కథలో ఉండేవాళ్లు. ఒకరి గౌరవం ఇంకొకరి మీద ఆధారపడి ఉండేది.

ఆ సంప్రదాయాన్ని 20వ శతాబ్దంలోకి మోసుకొచ్చినవాడు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలను బుర్రకథగా ఊరూరా చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. పుస్తకం తెరవని లక్షల మందికి తమ నేల మీద పడిపోయినవాళ్ల గురించి మొదట చెప్పింది ఆయనా, ఆయన లాంటివాళ్లే. అల్లూరి విగ్రహం లేని పట్టణం మనకు లేదు. ఆ కథను గొంతు చించుకుని చెప్పిన మనిషికి మన నగరాల్లో ఎంత చోటు ఇచ్చామో లెక్క చూసుకోవాలి.

శాస్త్రీయ సంగీతం తన పెద్దలను తలుచుకునే పద్ధతి వేరు. త్యాగరాజస్వామి సమాధి పొందిన పుష్య బహుళ పంచమి నాడు ఆయన కీర్తనలు పాడటమే ఆరాధన. ఆ శిష్య పరంపర మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి మీదుగా బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దాకా వచ్చింది. పంతులుగారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి ఆయన గొంతు భక్తిరంజనితో తెల్లవారుజామునే ఇళ్లలోకి వచ్చేది. 2016 నవంబరు 22న ఆయన చెన్నైలో పోయారు. ఘంటసాల 1974లో పోయిందీ మద్రాసులోనే. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి 2020 సెప్టెంబరులో పోలీసు లాంఛనాలతో వీడ్కోలు పలికిందీ తమిళనాడు ప్రభుత్వమే. మన పాటగాళ్లలో పెద్దవాళ్ల చివరి మజిలీ ఎక్కువగా అక్కడే కావడంతో, వాళ్ల పాడె వెంట నడిచే అవకాశం ఈ ఊళ్లకు రాలేదు. ఇక్కడివాళ్లకు మిగిలింది రేడియో, రికార్డు, ఏడాదికో సభ.

అయితే ఒకసారి పాటగాడే అంతిమయాత్రను నిలబెట్టాడు. 1952 డిసెంబరు 15 రాత్రి, 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణం విడిచారు. ఆ దీక్ష జరిగినన్నాళ్లూ పెద్ద నాయకులు చాలామంది దూరంగానే ఉన్నారు. మర్నాడు ఘంటసాల, మోపర్రు దాసు వచ్చి అక్కడికక్కడ పాడారనీ, ఆ పాట విని జనం కదిలారనీ చెబుతారు. ఆ తర్వాత ఆంధ్ర ప్రాంతం అట్టుడికింది, 19న నెహ్రూ రాష్ట్ర ప్రకటన చేశారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఘంటసాల స్వయంగా క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లొచ్చినవాడు. ఆ సంగతి ఆయన విగ్రహాల కింద రాసి ఉండదు, ఆయన అభిమానుల్లో సగం మందికి తెలియదు కూడా.

రాష్ట్రం వచ్చిన తొలి దశాబ్దాల్లో పేర్లు పెట్టడంలో ఒక పద్ధతి కనిపిస్తుంది. కృష్ణ మీద పాత ఆనకట్ట తెగిపోయాక కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది, ప్రకాశం పంతులు పోయిందీ ఆ ఏడాదే. బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. మార్కెట్టుకు అయ్యదేవర కాళేశ్వరరావు పేరు, కళాక్షేత్రానికి మొవ్వ క్షేత్రయ్య పేరు. కొండ మీద 52 అడుగుల గాంధీ స్థూపాన్ని 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించారు. ఇవన్నీ జనం నోట నిలబడ్డాయి. లారీ డ్రైవరు కూడా ప్రకాశం బ్యారేజీ అనే అంటాడు. అదే ఏలూరు రోడ్డుకు కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు, బందరు రోడ్డుకు మహాత్మా గాంధీ పేరు పెట్టారు. ఆటో ఎక్కి ఆ పేర్లు చెప్పి చూడండి.

1988 డిసెంబరు 26తో బెజవాడలో లెక్క మారింది. నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు రంగాను నరికి చంపారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. ఆ తర్వాత కోస్తాలో ఎన్నో ఊళ్లలో లేచిన రంగా విగ్రహాలు దుఃఖాన్నీ చెప్పాయి, ఒక సామాజిక వర్గం బలాన్నీ చెప్పాయి. 1996లో ఎన్టీఆర్, 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో వైఎస్ఆర్. ఇద్దరికీ వీధి వీధినా విగ్రహాలు వచ్చాయి. ఆ అభిమానం అబద్ధం కాదు. పింఛను అందుకున్న ముసలామె, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించుకున్న రైతు దండం పెడితే దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ విగ్రహం కింద పార్టీ జెండా పాతగానే అది హద్దు రాయి అయిపోతుంది. అవతలి పక్షం అధికారంలోకి రాగానే ముందు చేయి పడేది దాని మీదే.

బెజవాడ పోలీసు కంట్రోల్ రూమ్ దగ్గర ఉన్న వైఎస్ఆర్ విగ్రహాన్ని 2016లో, కృష్ణా పుష్కరాల పనులప్పుడు తీసేశారు. ప్రభుత్వం మారాక 2019 సెప్టెంబరు 2న అక్కడే మళ్లీ పెట్టారు. 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 1998లో ఎన్టీఆర్ పేరు పెట్టారు. 2022లో దాన్ని వైఎస్ఆర్ పేరుకు మార్చారు, 2024లో తిరిగి ఎన్టీఆర్ చేశారు. మధ్యలో చదువు ముగించుకున్న డాక్టర్ల పట్టాల మీద ఏ పేరుందో చూసి వాళ్లు ఏ ఏడాదివాళ్లో చెప్పొచ్చు. ఇద్దరు నాయకుల్లో ఎవరికీ ఇది మర్యాద కాదు.

అంబేడ్కర్ సంగతి వేరుగా చెప్పాలి. స్వరాజ్ మైదానంలో 125 అడుగుల విగ్రహాన్ని 2024 జనవరి 19న ప్రభుత్వం ఆవిష్కరించింది. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే పల్లెల్లో చందాలు వేసుకుని, కూలి డబ్బుల్లోంచి తీసి పెట్టుకున్న చిన్న సిమెంటు విగ్రహాలున్నాయి. వాటిని కాపాడుకోవడానికి తన్నులు తిన్నవాళ్లున్నారు. ఏ పార్టీ గెలిచినా ఏప్రిల్ 14న, డిసెంబరు 6న అక్కడ జనం ఆగరు.

రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. మంచి ఆదేశమే. కానీ దాన్ని ఎవరి మీద ప్రయోగిస్తున్నారన్నది చూడాలి. 2022 అక్టోబరులో గుంటూరులో కళాకారులు పెట్టుకున్న ఎస్పీ బాలు విగ్రహాన్ని అనుమతి లేదంటూ నగరపాలక సిబ్బంది తొలగించారు. మరి ఊళ్లో అనుమతి లేని నాయకుల విగ్రహాల మాటేమిటని కళాకారులు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. బాలు వెనక ఓటు బ్యాంకు లేదు, రాత్రికి రాత్రి ధర్నాకు దిగే కార్యకర్తలు లేరు. చట్టం ముందుగా గుర్తొచ్చేది అలాంటివాళ్ల దగ్గరే.

సైనికుడికి దక్కేది ఇంకో రకం మర్యాద. అది రాతపూర్వకంగా ఉంటుంది, ఎవరి దయ మీదా ఆధారపడదు. ప్రభుత్వ లాంఛనాలతోనో, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియల్లో తప్ప శవపేటిక మీద జాతీయ జెండా కప్పకూడదని చట్టం చెబుతుంది. నాయకుడికో, గాయకుడికో ప్రభుత్వ లాంఛనాలు ఇవ్వాలా వద్దా అన్నది ఆనాటి ప్రభుత్వం ఇష్టం. విధుల్లో ప్రాణమిచ్చిన జవానుకు అది హక్కు. 2021 జూలైలో జమ్మూ కశ్మీర్‌లోని సుందర్‌బని సెక్టార్‌లో చనిపోయిన మరుప్రోలు జశ్వంత్ రెడ్డికి 23 ఏళ్లు. అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉన్న బాపట్ల దగ్గరి కొత్తపాలెం ఆయన ఊరు. రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి 50 లక్షలు ప్రకటించింది. జెండా కప్పిన పెట్టె వచ్చింది, తుపాకులు గాల్లో పేలాయి, ఊరంతా కదిలింది.

ఆ మర్నాటి నుంచి ఏమిటన్నదే అసలు సంగతి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లు చెక్కారు. విశాఖలో నౌకాదళం ఉంది కాబట్టి బీచ్‌లో విజయ స్మారకం ఉంది, కుర్సురా జలాంతర్గామి మ్యూజియం ఉంది. బెజవాడ, గుంటూరుల్లో కంటోన్మెంటు లేదు. ఇక్కడి యువకుడు సైన్యంలో చేరి ఎక్కడో సరిహద్దులో పోతే, అతన్ని గుర్తు పెట్టుకునే బాధ్యత ఊరి బడి మీద, కన్న తల్లి మీద పడుతోంది. 1965, 1971 యుద్ధాల్లో పోరాడి వచ్చి, ఆ తర్వాత బ్యాంకు గుమ్మం ముందు సెక్యూరిటీ గార్డులుగా నిలబడి ఇంటికి చేరినవాళ్లకైతే ఆ ఒక్క రోజు మర్యాద కూడా ఉండదు. తెల్లారి పేపర్లో నాలుగు లైన్లు వస్తే గొప్ప.

పోయినవాడి వెనక ఎవరున్నారన్నదే మర్యాదను కొలుస్తోంది. నాయకుడి వెనక పార్టీ ఉంది, పాటగాడి వెనక శిష్యులు, శ్రోతలు ఉన్నారు, సైనికుడి వెనక ఒక ఫైలు ఉంది. కారంపూడిలో ప్రతి కొణతానికీ దాన్ని మోసే ఇల్లు ఒకటుంది. మన నగరాలు చేయగలిగిన పని కూడా అలాంటిదే, దానికి కోట్లు అక్కర్లేదు. వీధికి పేరు పెట్టాలంటే నగరపాలక కౌన్సిల్ తీర్మానం చాలు, సుప్రీంకోర్టు ఆదేశం దానికి అడ్డు రాదు. మాజీ సైనికుల, అమరుల వివరాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో ఉంటాయి. చదివిన బడి గోడ మీద జవాను పేరు, పుట్టిన ఊరి దారికి నాజర్ లాంటి కళాకారుడి పేరు. ఈ డిసెంబరు 7న విరాళం డబ్బాలో డబ్బులు వేసేవాళ్లు, మా డివిజన్ నుంచి సైన్యంలోకి వెళ్లి పోయినవాళ్లు ఎవరెవరని కార్పొరేటర్‌ను అడగాలి. జవాబు తెలియదంటే, ఆ జాబితా తెప్పించమని కాగితం మీద రాసి ఇవ్వాలి.