సమాంతర రేఖలంటే కలవని రేఖలేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏడో తరగతిలో రేఖలు, కోణాల పాఠం మొదలుపెట్టేటప్పుడు ఏటా ఒకటే ప్రశ్న వేస్తాను: సమాంతర రేఖలంటే ఏమిటి? క్లాసంతా ఒకే గొంతుతో "ఎప్పుడూ కలవనివి సార్" అంటుంది. జవాబు తప్పు కాదు, కానీ సగమే. మిగతా సగం ఎవరూ అడగకపోవడం వల్ల కొన్ని అపోహలు పిల్లలతో పాటే పదో తరగతి దాకా వచ్చేస్తాయి.

అపోహ: కలవకపోతే చాలు, అవి సమాంతరమే.

అరండల్‌పేట, బ్రాడీపేటల మధ్య ఉండిన పాత శంకర్ విలాస్ ఓవర్‌బ్రిడ్జిని గుర్తు చేసుకోండి. పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. రోడ్డు అంచు ఒక గీత, పట్టా ఒక గీత అనుకుంటే అవి ఒకదానికొకటి తగలవు. అలాగని సమాంతరమా? కాదు. ఒకటి ఇటు పోతుంటే రెండోది దానికి అడ్డంగా పోతోంది. ఒకటి పైన, ఒకటి కింద ఉన్నాయి కాబట్టి తగలడం లేదు, అంతే. సమాంతరం కావాలంటే రెండు సరళరేఖలూ ముందు ఒకే తలంలో, అంటే ఒకే చదునులో ఉండాలి. ఆ తర్వాతే కలుస్తాయా లేదా అన్న ప్రశ్న. పాఠ్యపుస్తకంలో 'ఒకే తలంలోని' అన్న మాట ఉంటుంది. బట్టీ పట్టేటప్పుడు పిల్లలు వదిలేసేది సరిగ్గా దాన్నే.

అపోహ: చూస్తే తెలిసిపోతుంది.

మా ఇంటి హాలు సంగతి చెబుతాను. పొడవు 14 అడుగులు. ఎదురెదురు గోడలు కంటికి చక్కగా ఉన్నాయి. టైల్స్ వేసే అతను గోడను నమ్మకుండా గది మధ్యలో దారం కట్టి, దాని వెంట వరసలు పరుచుకుంటూ వచ్చాడు. గోడ దగ్గరికొచ్చేసరికి ఆఖరి వరసలో కోయాల్సిన ముక్క ఒక చివర ఐదు అంగుళాలు, రెండో చివర నాలుగే. టేపు పెట్టి చూస్తే గోడల మధ్య ఎడం ఈ చివర 10 అడుగుల 4 అంగుళాలు, ఆ చివర 10 అడుగుల 3. కట్టేటప్పుడు మేస్త్రి మూలమట్టం సరిగా చూడలేదన్నమాట. చాలా బాధేసింది.

ఆ రాత్రి కూర్చుని లెక్క కట్టాను. 14 అడుగులకు ఒక అంగుళం చొప్పున దగ్గరవుతున్న ఆ గోడలను అలాగే పొడిగిస్తే 1,736 అడుగుల దగ్గర కలుస్తాయి. అర కిలోమీటరు పైనే! అంత దూరం వెళ్లి చూసేదెవరు? అందుకే 'కలవవు' అన్న మాట పట్టుకుంటే ఏ గోడనూ పరీక్షించలేం. మన తెలుగు మాటలోనే దారి ఉంది. సమ, అంతరం: ఎక్కడ కొలిచినా ఎడం సమానం. రెండు చోట్ల కొలిస్తే చాలు. టేపు మాత్రం వాలుగా పట్టకూడదు, మూలమట్టం ఆనించి లంబంగా పట్టాలి. వాలిందంటే కొలత ఎక్కువ చూపిస్తుంది.

అపోహ: రైలు పట్టాలు దూరంగా కలుస్తాయి.

కలిసినట్టు కనిపిస్తాయి. మన బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరంలో ఆ ఎడం మన కంటి దగ్గర తొమ్మిదిన్నర డిగ్రీల కోణం చేస్తుంది. 100 మీటర్ల దగ్గర అది ఒక డిగ్రీ, కిలోమీటరు దూరంలో డిగ్రీలో పదో వంతు. తగ్గేది కోణం, ఎడం కాదు. పిల్లలకు ఇది ప్లాట్‌ఫాం చివర నిలబెట్టి చూపించండి, పట్టాల మీదకు మాత్రం దించకండి.

మరి పట్టాలు మలుపు తిరిగితే? అక్కడా ఎడం మారదు, కానీ అవి సరళరేఖలు కావు. పల్లెటూరి పిల్లలకు గొర్రు ఉదాహరణ వెంటనే ఎక్కుతుంది. గొర్రు పళ్లన్నీ ఒకే చెక్కకు బిగించి ఉంటాయి కాబట్టి ఎద్దులు వంకరగా నడిచినా సాళ్ల మధ్య ఎడం చెడదు. బడిలో మనం చెప్పే సమాంతర రేఖలు మాత్రం సరళరేఖలే.

సమాంతర రేఖలు రెండే ఉండాలని, ఒకే పొడవుండాలని, నిలువుగానో అడ్డంగానో ఉండాలని కూడా అనుకుంటారు. ఏదీ అవసరం లేదు. ఏటవాలుగా ఆనించిన నిచ్చెన కర్రలూ సమాంతరమే. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. లైన్లన్నీ ఒక జట్టు, అడ్డరోడ్లన్నీ ఇంకో జట్టు. అడ్రసులోనే జామెట్రీ ఉన్న ఊరు మనది!

అపోహ: గుండు వేసి నిలువు చూసుకుంటే గోడలు కచ్చితంగా సమాంతరమే.

తూకపు గుండు దారం భూమి మధ్యకు చూపిస్తుంది. భూమి గుండ్రం కాబట్టి ఏ రెండు గుండ్లూ పూర్తి సమాంతరంగా వేలాడవు. 31 మీటర్ల ఎడానికి ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు తేడా వస్తుంది. ఇంగ్లండ్‌లోని హంబర్ వంతెన టవర్లు రెండూ నిట్టనిలువుగానే ఉన్నాయి, ఎడం 1,410 మీటర్లు. అయినా పాదాల దగ్గరకంటే పైన 36 మిల్లీమీటర్లు దూరంగా ఉన్నాయి.

ఇది చెప్పిన రోజు ఒక అమ్మాయి లేచి "మరి మన స్కూలు గోడలు సార్?" అంది. బోర్డు మీద అందరం కలిసి లెక్క కట్టాం. 31 మీటర్ల ఎడంలో పది మీటర్ల ఎత్తు గోడలు రెండుంటే పైన వచ్చే తేడా మిల్లీమీటరులో 20వ వంతు.