డైటింగ్‌లో ఉన్నప్పుడే వంట వీడియోలు ఎందుకు లాగుతాయి?

నాకు తెలిసిన ఒకమ్మాయి త్రాసు మీద గిన్నె పెట్టి ఓట్స్ పోసుకునేది. నాలుగు గ్రాములు ఎక్కువైతే చెంచాతో వెనక్కి తీసేది. రీల్స్‌లో చూసి పట్టుకున్న డైట్ అది. రాత్రిళ్ళు మాత్రం నిద్ర పట్టక గంటలకొద్దీ కేకుల వీడియోలు చూసేది. తనకు బొత్తిగా కంట్రోల్ లేదని ఏడ్చేది.

అది కంట్రోల్ సంగతి కాదు. యుద్ధంలో ఆకలితో మాడినవాళ్ళను మళ్ళీ మామూలు మనుషుల్ని చేయడమెలాగో తెలుసుకోడానికి, 1944లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు 24 వారాల పాటు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండే పెట్టారు, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. (ఇప్పటి రీల్స్‌లో 1,200 కేలరీల ప్లాన్‌లు మామూలే.) వాళ్ళ బరువు దాదాపు పావు వంతు తగ్గింది. కానీ నన్ను కదిలించింది బరువు కాదు. వాళ్ళు వంట పుస్తకాలు తెచ్చుకుని చదివేవారు. ప్లేట్లు నాకేవారు. కొద్దిపాటి తిండినే గంటల తరబడి సాగదీసుకుని తినేవారు. స్నేహాల మీద ఆసక్తి పోయింది, చిరాకు, దిగులు పెరిగాయి. తర్వాత కడుపునిండా పెట్టినా కొందరికి చాలాకాలం ఆకలి తీరలేదు.

బరువు తగ్గాక కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, పొట్ట నుంచి వచ్చే ఘ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. రెండూ మెదడుకు చెప్పేది ఒకటే: తిండి వెతుకు. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాదికి కూడా ఈ హార్మోన్లు పాత స్థాయికి రాలేదు. అందుకే డైట్ పక్కనపెట్టి తినే రోజును 'చీట్ డే' (మోసం చేసే రోజు) అనడం నాకు అస్సలు నచ్చదు. ఆకలేసి తినడం మోసమెలా అవుతుంది?

వారంలో మూడు కిలోలు తగ్గానని చూపించే వీడియోల్లో పోయింది చాలావరకు నీరే. ఒంట్లో దాచుకున్న ఒక్కో గ్రాము గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. ఆ తర్వాత త్రాసులో ముల్లు అంత తేలిగ్గా కదలదు. అప్పుడు తిండి ఇంకాస్త కోసేస్తారు.

వ్యాయామానికి తగ్గ తిండి అందకపోతే ఒళ్ళు కొన్ని పనులు ఆపేస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవచ్చు, మగవాళ్ళకు టెస్టోస్టిరాన్ పడిపోవచ్చు, ఎవరికైనా ఎముకలు బలహీనపడవచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో శక్తి లోటు అని అర్థమిచ్చే ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం) అని పేరు పెట్టింది. ఆ అమ్మాయికి మూడు నెలలు నెలసరి రాలేదు. కామెంట్లలో అడిగితే 'బాడీ అలవాటు పడుతోంది' అన్నారు. డాక్టరు మాత్రం మొదట అడిగింది, రోజూ ఏం తింటున్నావమ్మా అని.