ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చడం: అపోహలు - వాస్తవాలు

నేను ల్యాప్‌టాప్ బోర్డులు రిపేర్ చేస్తాను, చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిప్పులు మార్చడం. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ చుట్టుపక్కల ఈ పని చేసే ఎవరినడిగినా చెప్తారు, ఇంజనీరింగ్ కాలేజీలు తెరిచే రోజుల్లో ఎక్కువగా వినిపించే మాట "అన్నా, దీంట్లో పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయాలంటే ఎంతైతది?" అని. అడిగేవాళ్ల దగ్గర ఉండేది యాభై నుంచి డెబ్భై వేల మధ్య కొన్న మెషీన్. లోపల ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ చిప్పు ఆర్‌టీఎక్స్ 3050 ఉంటుంది, కాస్త పాతదైతే జీటీఎక్స్ 1650. కౌంటర్ దగ్గర హడావిడిలో సగమే చెప్పగలుగుతాం కాబట్టి మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డెస్క్‌టాప్‌లో లాగే పాత కార్డు పీకి కొత్తది పెట్టొచ్చు.

పీకడానికి అందులో కార్డే ఉండదు. వెనక మూత విప్పి, రాగి గొట్టాలున్న హీట్ సింక్ పైకి లేపితే అద్దంలా మెరిసే చిప్పులు రెండు కనిపిస్తాయి. ఒకటి ప్రాసెసర్, రెండోది జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్పు. జీపీయూ చుట్టూ చిన్న నల్ల చిప్పులుంటాయి, అదే దాని మెమరీ. అన్నీ మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంటాయి.

ఊడదీసే కార్డులు అసలు లేవా అంటే, ఉండేవి. ఎంఎక్స్‌ఎం అని ఒక స్టాండర్డ్ ఉంది. డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్ లాంటి వర్క్‌స్టేషన్లలో కొన్ని మోడళ్లకు, పాత ఖరీదైన గేమింగ్ మెషీన్లకు ఆ కార్డులు వచ్చాయి. వాటిలో కూడా కొత్త కార్డుకు హీట్ సింక్ సరిపోవాలి, బయోస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) ఒప్పుకోవాలి. ఈ మధ్య ఫ్రేమ్‌వర్క్ కంపెనీ తన 16 అంగుళాల ల్యాప్‌టాప్‌కి మార్చుకోగలిగే గ్రాఫిక్స్ మాడ్యూల్ పెట్టింది. 2024లో రేడియాన్ ఆర్ఎక్స్ 7700ఎస్‌తో మొదలై, 2025లో ఆర్‌టీఎక్స్ 5070 మాడ్యూల్ కూడా ప్రకటించారు. మెచ్చుకోవాల్సిన పనే, కానీ అది మన బడ్జెట్ మెషీన్ కాదు.

అపోహ: చిప్ లెవెల్ వాళ్లు 3050 తీసేసి 3060 వేస్తారు.

యూట్యూబ్ పుణ్యమా అని ఈ నమ్మకం బాగా పాకింది. పాడైన చిప్పు తీసి అదే రకం చిప్పు వేస్తాం, నిజమే. పెద్దది వేయడం వేరే సంగతి. 4 జీబీ 3050 ఉన్న బోర్డునే చూడండి. చుట్టూ ఒక్కొక్కటి 1 జీబీ చొప్పున నాలుగు మెమరీ చిప్పులు. ఒక్కో చిప్పుకు 32 బిట్ల దారి, మొత్తం 128. ల్యాప్‌టాప్ 3060కి కావాల్సింది 192 బిట్లు, అంటే ఆరు చిప్పులు. మిగతా రెండింటికి మీ బోర్డు మీద చోటు లేదు, వైరింగూ లేదు. చోటు ఉందనుకున్నా జీపీయూకి కరెంటు ఇచ్చే సర్క్యూట్, హీట్ సింక్, చార్జర్, వీబయోస్ (గ్రాఫిక్స్ చిప్పు బయోస్) అన్నీ పాత చిప్పు లెక్క ప్రకారం పెట్టినవే. ఎవరైనా "చేసేద్దాం" అని అడ్వాన్సు అడిగితే, తెరిచిన బోర్డు ఫొటో చూపించి మెమరీ చిప్పులు ఎన్నున్నాయో అడగండి.

మదర్‌బోర్డే మొత్తం మార్చడం మాత్రం కుదిరే పని. అదే మోడల్‌లో పెద్ద గ్రాఫిక్స్ ఉన్న వేరియంట్ వచ్చి ఉంటే దాని బోర్డు మీ బాడీలో కూర్చోవచ్చు. అయితే బోర్డుతో పాటు దాని హీట్ సింక్, దాని చార్జర్ కూడా కొనాలి. విండోస్ లైసెన్స్ పాత బోర్డుకు కట్టుబడి ఉంటుంది కాబట్టి యాక్టివేషన్ తలనొప్పి అదనం. ఇవన్నీ కూడితే వచ్చే మొత్తం, పాత ల్యాప్‌టాప్ అమ్మి సెకండ్ హ్యాండ్‌లో పెద్దది కొనుక్కునే ఖర్చుకు దగ్గరగా ఉంటుంది. నన్నడిగితే అమ్మేయమనే చెప్తాను.

అపోహ: డిస్‌ప్లే పోయిన జీపీయూకి హీట్ గన్ కొడితే బాగవుతుంది.

ఆన్ అవుతుంది, కాదనను. మళ్లీ పోతుంది. 2008 జులైలో ఎన్విడియా తన ల్యాప్‌టాప్ చిప్పుల్లో డై (చిప్పు లోపలి సిలికాన్ ముక్క), ప్యాకేజీ మెటీరియల్ బలహీనంగా ఉందని ఒప్పుకుని, 15 నుంచి 20 కోట్ల డాలర్ల ఖర్చు పక్కన పెట్టింది. అప్పుడు తెగింది బోర్డుకూ చిప్పుకూ మధ్య ఉండే సోల్డర్ బంతులు కాదు, చిప్పు లోపల డై కింద ఉండే అతి చిన్న బంప్‌లు. వేడి తగిలితే అవి కాసేపు అతుక్కుంటాయి. రీబాలింగ్ (సోల్డర్ బంతులు కొత్తవి వేయడం) చేసేది బయటి బంతులకు, తెగింది లోపల. కాబట్టి ఇలాంటి కేసులో కొత్త చిప్పు వేయడమే రిపేరు. హీట్ గన్‌తో ఆన్ చేసి ఆ రోజే డెలివరీ ఇచ్చేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా వారంటీ తీసుకోండి.

అపోహ: బయోస్‌లో వీ-ర్యామ్ (గ్రాఫిక్స్ మెమరీ) పెంచితే గ్రాఫిక్స్ పెరుగుతుంది.

ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ అయితే ఆ సెట్టింగ్ మీ ర్యామ్‌లోంచే కొంత విడిగా పక్కన పెడుతుంది, అంతే. స్పీడు మారదు. స్పీడు మారేది రెండో ర్యామ్ స్టిక్ వేస్తే. ఒక్క డీడీఆర్4-3200 స్టిక్‌తో సెకనుకు 25.6 జీబీ డేటా నడుస్తుంది, రెండిటితో 51.2 జీబీ. ఇంటెల్ ఐ5-1135జీ7 ప్రాసెసర్ ఉన్న మెషీన్లలో ఇది కంటికే కనబడుతుంది. ఒక్క స్టిక్ ఉంటే డివైస్ మేనేజర్‌లో "యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని వస్తుంది, రెండోది పెట్టగానే "ఐరిస్ ఎక్స్ఈ" అవుతుంది. కొనే ముందు ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసుకోండి, కొన్నిటిలో ర్యామ్ కూడా సోల్డరే.

అపోహ: గేమ్ ల్యాగ్ అవుతోందంటే కార్డు పాతబడినట్టే.

చాలాసార్లు దుమ్ము. ఫ్యాన్ తీసి చూస్తే, హీట్ సింక్ రెక్కల ముందు దుమ్ము పరుపులా గడ్డకట్టి ఉంటుంది. గాలి బయటికి పోదు, చిప్పు వేడెక్కి స్పీడు తనే తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి థర్మల్ పేస్ట్ మార్చితే కొన్నప్పటి స్పీడు తిరిగొస్తుంది. చార్జర్ తీసి బ్యాటరీ మీద ఆడినా ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పడిపోతుంది, అది జబ్బు కాదు.

అపోహ: టైప్-సీ పోర్టు ఉంటే బయటి కార్డు తగిలించొచ్చు.

పోర్టు ఆకారం చూసి కొనకండి. ఆ పోర్టులో థండర్‌బోల్ట్ గానీ, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు వాడే డేటా దారి) ఇచ్చే యూఎస్‌బీ4 గానీ ఉండాలి. మధ్య రేటు ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి అది ఉండదు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ స్లాట్‌కి అడాప్టర్ పెట్టి డెస్క్‌టాప్ కార్డు నడిపేవాళ్లున్నారు, పని చేస్తుంది. మూత తీసే ఉంచాలి, విడిగా పవర్ సప్లై పెట్టాలి. స్పీడు పూర్తిగా రావాలంటే మానిటర్ కూడా బయటిదే, ఎందుకంటే బొమ్మ తిరిగి ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి రావాలంటే ఆ ఎస్ఎస్‌డీ స్లాట్ సన్నటి దారినే వాడుకోవాలి. హాస్టల్ టేబుల్ మీద ఇంత సరంజామా ఎక్కడ పెడతారో మీరే చూసుకోండి.

అపోహ: నంబర్ ఒకటే అయితే పవర్ ఒకటే.

డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 5888 కోర్లు, 12 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్ 4070లో 4608 కోర్లు, 8 జీబీ. ల్యాప్‌టాప్‌లలో కూడా తేడాలే. 4060కి కంపెనీలు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా పెట్టుకోవచ్చు. సన్నగా, తేలిగ్గా ఉన్న మోడల్‌లో ఆ వాట్లు తక్కువగానే ఉంటాయి, బిల్లు మీద మాత్రం పేరు ఒకటే. షాపులో డెమో పీస్ ఆన్ చేయించి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. మ్యాక్సిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక లైను ఉంటుంది. డబ్బులు కట్టే ముందు ఆ అంకె చూడండి, తర్వాత దాన్ని నా దగ్గరికి తెచ్చినా పెంచలేను.