ఇంటర్వ్యూ అయ్యాక కబురు రాకపోతే: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఒక్క మాట చెప్పండి. రాలేదన్నా సరే, ఊరెళ్లిపోతాను."

ఖమ్మం వైపు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న ఒక కుర్రాడు ఫోన్లో నాతో అన్న మాట ఇది. ఫైనల్ రౌండ్ అయి ఐదు వారాలైంది. మర్నాడు హాస్టల్ ఫీజు కట్టాలి. సిస్టమ్ తెరిచి చూస్తే అతని పేరు పక్కన ‘హోల్డ్’ అని ఉంది. ఆ పొజిషన్ ఆగిపోయి అప్పటికే మూడు వారాలు. ఆ సంగతి నాకు తెలుసు, మేనేజర్‌కు తెలుసు, అతనికి మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ రోజు చెప్పాను. రాత్రి బస్సుకే వెళ్లిపోయాడు.

హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను. మొదట నాలుగేళ్లు కంపెనీలకు మనుషులను వెతికిపెట్టే కన్సల్టెన్సీలో, ఆ తర్వాత కంపెనీ హెచ్‌ఆర్‌లో. ‘వి విల్ గెట్ బ్యాక్ టు యూ’ అని పంపించేశాక లోపల ఏం జరుగుతుందో బయటివాళ్లకు తెలియదు. తెలియనప్పుడు ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు, ఎక్కువమంది తమనే తిట్టుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫోన్ రాలేదంటే నేను ఇంటర్వ్యూలో పోయినట్టే.

వాస్తవం: పోయి ఉండొచ్చు. కానీ ఫోన్ రాకపోవడం దానికి రుజువు కాదు.

మన ఐటీ కంపెనీల్లో రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన నోటీస్ పీరియడ్ 60 రోజులు, చాలా చోట్ల 90 రోజులు. మొదట ఎంపికైన మనిషికి ఆఫర్ ఇచ్చాక అతను వచ్చి చేరేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు అతనికి ఇంకో ఆఫర్ రావచ్చు. జాయినింగ్ రోజు పొద్దున దాకా వస్తాడో రాడో ఎవరం చెప్పలేం. అందుకని రెండో మనిషిని, మూడో మనిషిని వదులుకోరు. ‘లేదు’ అంటే వాళ్లు వేరే చోట చేరిపోతారు, ‘వచ్చింది’ అనడానికి సీటు లేదు. ఏదీ చెప్పకుండా ఉంచేస్తారు. మా ఆఫీసు మాటల్లో వాళ్లు బ్యాకప్. అంటే వారాల తరబడి జవాబు రానివాళ్లలో కొందరు ఇంటర్వ్యూ చాలా బాగా చేసినవాళ్లే.

ఒక్కోసారి పొజిషనే ఉండదు. క్లయింట్ ప్రాజెక్ట్ వస్తుందన్న నమ్మకంతో ముందే ఇంటర్వ్యూలు మొదలుపెడతారు, తీరా ఆ ప్రాజెక్ట్ మీద సంతకం కాదు. మార్చితో ఆర్థిక సంవత్సరం ముగిసే కంపెనీల్లో ఫిబ్రవరిలో మొదలైన ఎంపికలు కొత్త బడ్జెట్‌కు ఆమోదం వచ్చేదాకా ఆగిపోతుంటాయి. లేదా ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్న సొంత ఉద్యోగినే ఆ సీట్లో కూర్చోబెడతారు. మీరు జావా ప్రశ్నకు తడబడ్డారా లేదా అన్నదానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు.

ఇక రోజూ చూసే చిన్న కారణం ఒకటుంది. ప్యానెల్‌లో కూర్చున్న ఇంజినీర్ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపడు. అతనికి తన ప్రాజెక్ట్ పని ఉంటుంది. ఫారం లేకపోతే మీ ఫైలు సిస్టమ్‌లో అక్కడే నిలిచిపోతుంది. నేను రెండుసార్లు గుర్తుచేస్తాను, అంతలో ఇంకో పొజిషన్ అర్జెంట్ అవుతుంది.

అపోహ: జీతం ఎంత కావాలని అడిగారు, ఎప్పుడు చేరతావని అడిగారు, కాబట్టి వచ్చినట్టే.

వాస్తవం: ఆ రెండు ప్రశ్నలూ మొదటి ఫోన్‌లోనే అందరినీ అడుగుతాం. బడ్జెట్‌కు సరిపోని వాళ్లను ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లకూడదని. వాటిని నమ్ముకుని ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేసినవాళ్లను చూశాను. ‘సెలెక్ట్ అయ్యావు’ అని నోటితో అన్నా సరే, ఆఫర్ లెటర్ చేతికొచ్చి, కంపెనీ అధికారిక మెయిల్ నుంచే వచ్చిందని చూసుకునేదాకా రాజీనామా పెట్టకండి.

అపోహ: రిక్రూటర్లకు టైమ్ ఉండదు, అందుకే చెప్పరు.

వాస్తవం: ఇది మేం చెప్పుకునే సాకు. నా చేతిలో ఒకేసారి ఇరవై పొజిషన్లు ఉన్న నెలలున్నాయి. ఒక్కోదానికి ఐదుగురు ఫైనల్ దాకా వచ్చారనుకుంటే వందమంది. మనిషికి రెండు నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలు. నెల మొత్తంలో ఒక మధ్యాహ్నం. అంత టైమ్ లేని రిక్రూటర్‌ను నేనింతవరకు చూడలేదు.

అసలు కారణం ఆ పనికి ఎక్కడా లెక్క లేకపోవడం. పొజిషన్ ఎన్ని రోజుల్లో నిండింది, ఆఫర్ తీసుకున్నవాళ్లలో ఎంతమంది చేరారు, ఇవే మా రిపోర్టుల్లో ఉంటాయి. నేను పనిచేసిన ఏ చోటా ‘ఎంపిక కాలేదని ఎంతమందికి చెప్పావు’ అని నన్నెవరూ అడగలేదు.

కన్సల్టెన్సీలో అయితే ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ కంపెనీ ఇచ్చే ఫీజు సాధారణంగా మనిషి ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అది కూడా మనిషి చేరాకే. చేరినవాళ్లు మూడు నెలల్లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా ఇవ్వాలనే షరతు మామూలే. ఎంపిక కాని మనిషితో మాట్లాడిన ఐదు నిమిషాలకు రూపాయి రాదు. పైగా చాలాసార్లు కన్సల్టెన్సీవాళ్లకే కంపెనీ జవాబివ్వదు. మీ ఫోన్ ఎత్తని అమ్మాయి అటువైపు కంపెనీ హెచ్‌ఆర్‌కు మూడోసారి మెయిల్ పెడుతూ ఉండొచ్చు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ‘లేదు’ అని చెప్పడానికి నోరు రాదు. అవతలి గొంతులో ఆశ వినిపిస్తుంటే ‘ఇంకా ప్రాసెస్‌లో ఉందండీ’ అనేయడం తేలిక. నేనూ అన్నాను. ఆ మాట ఒకరి వారాన్ని తినేస్తుందని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అపోహ: ‘ఎంపిక కాలేదు’ అని రాసిస్తే కేసులు పడతాయి.

వాస్తవం: ఈ భయం కంపెనీల లోపల గట్టిగా ఉంది. ‘ఈ పొజిషన్‌కు వేరొకరిని తీసుకున్నాం, మీ సమయానికి కృతజ్ఞతలు’ అని రాసే రెండు వాక్యాల్లో పేచీకి తావు ఏముంటుంది? ఆడవాళ్లన్న, వికలాంగులన్న కారణంతో వెనక్కి పంపితే అప్పుడు కచ్చితంగా సమస్యే. ఆడవాళ్ల విషయంలో నియామకాల్లో వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెప్తోంది. కానీ ఆ తప్పు నిర్ణయంలో ఉంది. మౌనంగా ఉంటే ఆ తప్పు ఒప్పయిపోదు.

అపోహ: కబురు చెప్పమని ఏ చట్టమూ కంపెనీలను అడగలేదు.

వాస్తవం: మన దేశంలో ప్రైవేటు కంపెనీల విషయంలో ఇది నిజమే. ప్రభుత్వ సంస్థలైతే ఆర్‌టీఐ చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టి ఎంపిక ఏ దశలో ఉందో అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

కెనడాలోని అంటారియోలో మాత్రం 2026 జనవరి 1 నుంచి కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. 25 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ బహిరంగంగా ప్రకటించిన ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తే, చివరి ఇంటర్వ్యూ నుంచి 45 రోజుల్లోగా నిర్ణయం అయ్యిందో లేదో ఆ అభ్యర్థికి చెప్పాలి. ప్రకటనలోనే ఆ ఖాళీ నిజంగా ఉందో లేదో కూడా రాయాలి. ఎందుకు తీసుకోలేదో కారణం చెప్పమని మాత్రం అడగలేదు. టొరంటో, బ్రాంప్టన్ చుట్టుపక్కల ఉద్యోగాలు వెతుక్కునే మనవాళ్లు ఈ 45 రోజుల లెక్క గుర్తుపెట్టుకోవాలి. నాకైతే 45 రోజులు కూడా ఎక్కువే అనిపిస్తుంది. కానీ ఒక గడువంటూ ఉంది, ఇక్కడ అదీ లేదు.

అపోహ: మనమే అడిగితే అలుసైపోతాం.

వాస్తవం: పద్ధతిగా అడిగినందుకు ఎవరినీ పక్కన పెట్టిన సందర్భం నాకు గుర్తులేదు. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేయడం, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ‘ఎనీ అప్‌డేట్’ అని పెట్టడం విసుగు పుట్టిస్తాయి, నిజమే. అడిగే పద్ధతి వేరే ఉంది.

ఇంటర్వ్యూ గదిలోంచి లేచే ముందే రెండు విషయాలు కనుక్కోండి: ఎప్పటిలోగా చెప్తారు, ఎవరు చెప్తారు. ఆ తేదీ దాటాక రెండు పనిదినాలు ఆగి మెయిల్ పెట్టండి. పొజిషన్ పేరు, ఇంటర్వ్యూ జరిగిన తేదీ రాసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి. ‘నేను సెలెక్ట్ అయ్యానా’ అని అడిగితే చాలాసార్లు నా దగ్గర చెప్పగలిగే జవాబుండదు, అందుకే పక్కన పెట్టేస్తాను. ‘ఈ పొజిషన్ ఇంకా ఓపెన్‌గా ఉందా’ అని అడిగితే వెంటనే చెప్పగలను. అదే మీకు కావాల్సిన సమాచారం కూడా. చేతిలో వేరే ఆఫర్ నిజంగా ఉంటే, ఫలానా తేదీలోగా వాళ్లకు జవాబు చెప్పాలని రాయండి. లేని ఆఫర్ ఉన్నట్టు రాయకండి, లెటర్ చూపించమంటాం.

వారం తర్వాత ఇంకోసారి. అప్పటికీ జవాబు రాకపోతే ఆ ఉద్యోగాన్ని లెక్కలోంచి తీసేయండి. ఈ వారాలన్నీ మిగతా అప్లికేషన్లు ఆపకండి. జవాబు రాక నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది ‘ఇది వచ్చేస్తుందిలే’ అని మిగతావి ఆపేసినవాళ్లే.

అపోహ: ఎదురుచూస్తున్న కంపెనీ పేరుతో ఫోన్ వస్తే అది వాళ్లే.

వాస్తవం: రెజ్యూమెలు జాబ్ పోర్టళ్లలో ఉంటాయి, వాటిలోంచి మీ నంబర్ తీసుకోవడం మోసగాళ్లకు కష్టం కాదు. నెల రోజులుగా టెన్షన్‌లో ఉన్న మనిషికి ‘ఆఫర్ రెడీ, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి’ అంటే కట్టేస్తారు. కంపెనీల మౌనం చేసే హాని ఇక్కడ నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది. శిక్షణ ఫీజు, డాక్యుమెంట్ ఖర్చు, డిపాజిట్, ఏ పేరుతో అడిగినా రూపాయి ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: కాండిడేట్లు కూడా చెప్పకుండా మానేస్తున్నారు, కాబట్టి చెల్లుకు చెల్లు.

వాస్తవం: మానేస్తున్నారు. జాయినింగ్ రోజు ల్యాప్‌టాప్ సిద్ధం చేసుకుని కూర్చుంటే ఫోన్ స్విచాఫ్ వస్తుంది, ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ రోజు కంపెనీకి ఇద్దరు బ్యాకప్‌లు ఉంటారు, ఆ కుర్రాడికి మర్నాడు హాస్టల్ ఫీజు ఉంటుంది. రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టలేను.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నా లిస్టు తెరుస్తాను. ఆ వారం ఎవరి సంగతి తేలిందో వాళ్లకు మెయిల్ వెళ్తుంది. ఫైనల్ రౌండ్ దాకా వచ్చినవాళ్లకైతే ఫోన్ చేస్తాను. హోల్డ్‌లో పడ్డవాళ్లకు ఇలా రాస్తాను: "మీ ఇంటర్వ్యూ బాగానే జరిగింది. పొజిషన్ ప్రస్తుతం ఆగింది, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో నాకు తెలియదు. దయచేసి మా కోసం ఆగకుండా మీ ప్రయత్నాలు మీరు చేసుకోండి." బ్యాకప్‌లు చేజారిపోతారని మా మేనేజర్లలో ఒకరు అభ్యంతరం చెప్పారు. కొందరు వెళ్లిపోయారు కూడా. పోయిన ఏడాది ఆగిన ఒక పొజిషన్ మళ్లీ తెరిచినప్పుడు, ఆ మెయిల్ అందుకున్న నలుగురికి ఫోన్ చేశాను. నలుగురూ ఎత్తారు.