ఆ తుప్పు గీకకండి: చియీదా ఉక్కు మీద అపోహలు

స్పెయిన్‌లో శాన్ సెబాస్టియన్ ఒడ్డున బండల్లోంచి పొడుచుకొచ్చిన మూడు ఉక్కు కొక్కేల ఫొటో చూపిస్తే చాలు, "అయ్యో, ఎంత తుప్పు పట్టిందో! రంగు వెయ్యరా?" అంటారు. అది శిల్పి ఎడ్వార్డో చియీదా (1924–2002) చేసిన 'గాలి దువ్వెన' అనే శిల్పం. ఒక్కో కొక్కెం సుమారు 10 టన్నులు. 1977 నుంచి బిస్కే అఖాతం అలలు వాటిని కొడుతూనే ఉన్నాయి.

అపోహ: తుప్పు కనిపిస్తే గీకి రెడాక్సైడ్ కొట్టాలి.

మన గేట్లూ గ్రిల్లూ తుప్పుతోనే పోతాయి కాబట్టి ఆ భయం సహజమే. కానీ బయట పెట్టే శిల్పాలకు వాడే కార్టెన్ రకం ఉక్కు వేరు. అందులో కొద్దిగా రాగి, క్రోమియం ఉంటాయి. తడిసి ఆరి, తడిసి ఆరి, రెండు మూడేళ్లలో పైన గట్టి పొర కడుతుంది. వైర్ బ్రష్షో యాసిడో పెట్టారంటే ఆ పొర పోయి, లోపలి పచ్చి ఉక్కు మళ్లీ మొదటి నుంచి తుప్పు పడుతుంది. గీకిన ప్రతిసారీ మందం తగ్గుతుంది.

దీనికి తిరగేసిన అపోహ ఇంకా ఖరీదైనది: "కార్టెన్‌కి ఏమీ చెయ్యక్కర్లేదు." ఆరకపోతే ఆ పొర కట్టదు. నీళ్లు నిలిచే మూల, ఆకులు పేరుకున్న సందు, మట్టిలో పాతిన అడుగు, ఉప్పుగాలి, ఇవన్నీ దాన్ని తినేస్తాయి. మరి 'దువ్వెన' ఎలా నిలిచిందంటారా? అది రేకు కాదు, దిమ్మ. ఆ ఫొటో చూసి విశాఖ బీచ్‌లో 3 మి.మీ. షీటుతో శిల్పం కట్టకండి. ఎక్కడ కట్టినా నీరు దిగే రంధ్రం వదలండి. మామూలు 6013 రాడ్ కాకుండా ఆ ఉక్కుకు సరిపడే రాడ్‌తోనే వెల్డింగ్ చెయ్యండి, లేకపోతే అతుకు వేరే రంగుకు తిరిగి ముందు అదే పోతుంది. మొదటి రెండేళ్లు ఎర్రనీళ్లు కారతాయి కాబట్టి కింద గ్రానైట్ వద్దు, కంకర పోయండి. చేతికి పొడి అంటితే కంగారు లేదు. పొరలు పొరలుగా లేచి, సుత్తితో తడితే డొల్లగా మోగిందా, అప్పుడు కంగారు పడండి.

చియీదా మీద మిగతా అపోహలు గబగబా.

ఈ శిల్పాలను పోత పోశాడనుకుంటారు. కాదు, ఆయనది కొలిమి పని. 1951లో ఎర్నాని ఊరి కమ్మరి కొలిమిలో తొలి ఇనుప శిల్పం 'ఇలారిక్' చేశాడు. పెద్ద పనులకు ఉక్కు ఫ్యాక్టరీ కొలుములకు వెళ్లాడు. మందపాటి కడ్డీ వంచాలంటే గుండె దాకా కాగాలి. పైన నారింజ రంగు చూసి తొందరపడితే లోపల పగులు ఇస్తుంది.

మోకాలు దెబ్బతిని గోల్‌కీపర్ నేరుగా శిల్పి అయిపోయాడంటారు. రియల్ సోసియెదాద్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన మాట నిజమే. ఆ తర్వాత మాడ్రిడ్‌లో ఆర్కిటెక్చర్ చదువు, 1947లో దానికి స్వస్తి, పారిస్‌లో ప్లాస్టర్ బొమ్మలు. ఇనుము పట్టేసరికి 27 ఏళ్లు.

లోహం తప్ప ముట్టలేదట! స్పెయిన్‌లోనే ఖిఖోన్ ఊరి కొండ మీది 1990 నాటి పెద్ద శిల్పం అచ్చంగా కాంక్రీటు.

ఆయన శిల్పాల మ్యూజియం 'చియీదా లేకు' మూతపడిందన్నది పాత వార్త. 2019లో మళ్లీ తెరిచారు.

ఇక 'దువ్వెన' ముందున్న నేల మీది రంధ్రాలు డ్రైనేజీవి కావు. అక్కడి రాతి మెట్లు వేసిన ఆర్కిటెక్ట్ లూయిస్ పెన్యా గాంచెగీ. కింద అల కొట్టినప్పుడల్లా గాలీ తుంపరలూ ఆ రంధ్రాల్లోంచి బుస్సున పైకి చిమ్ముతాయి.