వేడి పెరిగితే కొత్త ఆలోచనలు ఎవరికి?

ఒక ఏడాది ఎండలు మామూలు కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ కాస్తే దేశం మీద ఎంత దెబ్బ పడుతుంది? ఆర్థికవేత్తలు మెలిస్సా డెల్, బెంజమిన్ జోన్స్, బెంజమిన్ ఓల్కెన్ కొన్ని దశాబ్దాల లెక్కలు తీసి 2012లో దీనికి జవాబు చెప్పారు. పేద దేశాల్లో ఆ ఏడాది ఆర్థిక వృద్ధి సుమారు 1.3 శాతం పాయింట్లు పడిపోతోంది. సంపన్న దేశాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా నష్టం పంటలతో ఆగలేదు, ఫ్యాక్టరీల ఉత్పత్తి కూడా తగ్గింది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీని వెనకాలే వచ్చే ఇంకో నష్టం. కొత్తది కనిపెట్టాలంటే చదువుకున్న మనుషులు కావాలి, కరెంటు పోని ల్యాబులు కావాలి, పదేళ్లు ఫలితం రాకపోయినా ఆగని నిధులు కావాలి. ఈ మూడింటికీ ఎండే గండి కొడుతోంది. అమెరికాలో దాదాపు కోటి మంది హైస్కూల్ విద్యార్థుల మార్కులు పరిశీలించిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. ఏసీ లేని బడుల్లో, ఆ విద్యా సంవత్సరం ఒక డిగ్రీ ఫారెన్‌హీట్, అంటే అర డిగ్రీ సెల్సియస్ పైచిలుకు వేడి పెరిగితే, పిల్లలు ఆ ఏడు నేర్చుకునేది సుమారు 1 శాతం తగ్గిందట. ఏసీ ఉన్న బడుల్లో ఆ నష్టం దాదాపు కనిపించలేదు. అంత సంపన్న దేశంలోనే ఇలా ఉంటే, ఫ్యాను కూడా లేని తరగతి గదుల సంగతేమిటి? వేడి దేశాల రేపటి శాస్త్రవేత్తలు తయారు కావాల్సింది ఆ గదుల్లోనే.

డబ్బున్న చోట ఇదే ఎండ పరిశోధనను ముందుకు తోస్తుంది. అమెరికా వ్యవసాయాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు జేకబ్ మాస్కోనా, కార్తీక్ శాస్త్రి చూపించింది ఇదే: ఏ పంటకు ఎండదెబ్బ ఎక్కువ తగిలితే ఆ పంటకే కొత్త విత్తనాలు, కొత్త పేటెంట్లు ఎక్కువ వచ్చాయి. 1960 నుంచి జరగాల్సిన నష్టంలో సుమారు 20 శాతాన్ని ఆ కొత్తదనం పూడ్చింది. అంత బలమైన పరిశోధన వ్యవస్థ ఉండి కూడా మిగతా 80 శాతం పూడలేదన్నది మర్చిపోకూడదు.

కంపెనీల పరిశోధన కొనగలిగే రైతు వెంటే నడుస్తుంది. అమెరికా, ఐరోపా మొక్కజొన్నను తొలిచే పురుగు ఒకటైతే, ఆఫ్రికాలో కాండం తొలిచే పురుగు వేరు. మొదటి దాని మీద జరిగిన పరిశోధనతో పోలిస్తే రెండో దాని మీద జరిగింది చాలా తక్కువ.

అయినా పేద దేశాల పొలాల్లో ఏముందో చెప్పడానికి ఒక్క వరి కథ చాలు. పైరు మునిగితే మామూలు రకాలు గాలి అందుకోవాలని గబగబా పొడుగు సాగుతాయి. ఆ తాపత్రయంలో దాచుకున్న శక్తంతా ఖర్చయి, నీళ్లు తీసేసరికి వాలిపోతాయి. ఒడిశా నాటు రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్13ఎ మాత్రం ఊపిరి బిగబట్టినట్టు ఎదుగుదల ఆపేసి, రెండు వారాల దాకా నీళ్లలో ఉండి, వరద తగ్గాక మళ్లీ చిగురిస్తుంది. దిగుబడి తక్కువ కావడంతో దాన్ని ఉన్నదున్నట్టు సాగు చేయలేం. ఆ గుణానికి మూలమైన సబ్1ఎ జన్యువు వివరాలు 2006లో బయటికొచ్చాయి. దాన్ని రైతులు ఇష్టపడే స్వర్ణ అనే వరి రకంలోకి సంకరం ద్వారా తెచ్చి, స్వర్ణ-సబ్1గా 2009లో భారత్‌లో విడుదల చేశారు. ఈ పనిలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థది ముఖ్యపాత్ర. జన్యువు ఒడిశా రైతుల విత్తనంలోంచే వచ్చింది. దాన్ని విప్పి చూసే ల్యాబులు, ఏళ్ల తరబడి జీతాలిచ్చే నిధులు మాత్రం ఎక్కువగా వేరే చోట ఉన్నాయి.

వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద, వర్ధమాన దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హేగన్ వాతావరణ సదస్సులో మాటిచ్చాయి. ఆ అంకెను మొదటిసారి అందుకున్నది 2022లో. అందులోనూ పెద్ద వాటా ఉద్గారాలు తగ్గించే పనులకే పోయింది. మారిన వాతావరణాన్ని తట్టుకునే పనులకు దక్కింది మూడో వంతు కన్నా తక్కువే. ఈ వాటా పెరగాలి. పెరిగిన దాంట్లోంచి ఆయా దేశాల సొంత పరిశోధన కేంద్రాలకు పదిహేను, ఇరవై ఏళ్ల పాటు తెగకుండా నిధులు అందాలి. సోలార్ ప్లాంటు ఒకటి రెండేళ్లలో నిలబడుతుంది గానీ, ఎఫ్‌ఆర్13ఎ గుణం రైతు కోరుకునే విత్తనంలోకి చేరడానికి దశాబ్దాలు పట్టింది.